గుండెల మీద కుంపటి

తెలుగులో ‘గుండెల మీద కుంపటి’ అంటే తీరని బెంగ. ఆడపిల్ల పెళ్ళి గురించి ఈ మాట ఎన్ని పాత సినిమాల్లో విన్నామో లెక్కలేదు. కాశ్మీరులో మాత్రం దీన్ని ఉన్నదున్నట్టుగానే అర్థం చేసుకోవచ్చు. చుట్టూ పుల్లలతో బుట్ట అల్లిన మట్టి పిడతలో నిప్పులు పోసి, ఫెరన్ లోపల పొట్టకి ఆనించుకుని తిరుగుతారు. దాని పేరు కాంగ్రీ.

చలికి చేతులు వెచ్చబెట్టుకునే పరికరం ఏది కొనాలా అని చూస్తే, దొరికే పోలికలన్నీ రెండే చెప్తాయి: ఎన్ని గంటలు పనిచేస్తుంది, ఎంతకొస్తుంది. అసలు ప్రశ్న మూడోది. నిప్పుని ఒంటికి ఎంత దగ్గరగా, ఎంతసేపు ఉంచుకోవచ్చు?

కాశ్మీరులో పనిచేసిన ఎల్మ్‌స్లీ అనే డాక్టరు 1866లోనే అక్కడివాళ్ళకి పొట్టమీద, తొడలమీద వచ్చే చర్మ కాన్సర్ గురించి రాశాడు. శ్రీనగర్ మిషన్ ఆసుపత్రి డాక్టరు ఎర్నెస్ట్ నీవ్ 1923లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మళ్ళీ ఆ సంగతే ఎత్తుకున్నాడు. నన్ను ఆపేసింది ఆ వేడి స్వభావం. చుర్రుమని కాలితే ఎవరైనా చెయ్యి వెనక్కి తీసుకుంటారు. ఇది హాయిగా అనిపించే వేడి. ప్రతి చలికాలం, ఒకేచోట, ఏళ్ళ తరబడి.

అదే 1923లో జపాన్‌లో మటోబా నియిచి ‘హక్కిన్’ కైరో తయారుచేశాడు. హక్కిన్ అంటే ప్లాటినం. లోహపు డబ్బాలో దూదికి పెట్రోల్ లాంటి బెంజీన్ పట్టిస్తారు. దాని ఆవిరి పైనున్న ప్లాటినాన్ని తాకి, మంట లేకుండా ఆక్సిజన్‌తో కలిసి వేడినిస్తుంది. ప్లాటినం ఖర్చవదు. ఇదేమీ కొత్త రసాయనశాస్త్రం కాదు. సరిగ్గా నూరేళ్ళ ముందు, 1823లో, జర్మనీలో డోబరైనర్ ప్లాటినం మీదికి హైడ్రోజన్ వదిలి దీపం వెలిగించాడు. ప్రయోగశాలలో పుట్టినది జేబులోకి రావడానికి అంతకాలం పట్టింది!

1978లో వచ్చిన ‘హొకరోన్’ పాకెట్లతో అదీ పాతబడింది. ఇనుప రజను, ఉప్పు, నీరు, బొగ్గుపొడి: మనం జీవితాంతం తిట్టుకునే తుప్పుని తొందరపెట్టి వేడి పుట్టించడం. నాకైతే ఇది ప్లాటినం కన్నా తెలివైన పని అనిపిస్తుంది. కానీ వాడి పారేయాలి. రీచార్జి చేసుకునేవాటికి చెత్త తక్కువే గానీ, చలికి బ్యాటరీయే ముందు నీరసపడుతుంది.

వీటిలో ఏది కొన్నా మూడో ప్రశ్న తప్పదు. 44 డిగ్రీల వేడి కూడా ఆరు గంటలు తగిలితే చర్మం కాలుతుందని మోరిట్జ్, హెన్రిక్స్ 1947లో చూపించారు. తుప్పు పాకెట్లు 60 కూడా దాటతాయి. జపాన్‌లో వీటి మీద నేరుగా ఒంటికి తగలనీయొద్దని, నిద్రలో వాడొద్దని రాసి ఉంటుంది. నేను హక్కిన్ వైపే మొగ్గుతాను, గుడ్డసంచిలో పెట్టి, చేతుల మధ్య మాత్రమే.

కాంగ్రీకి అలాంటి హెచ్చరిక అంటించేవాళ్ళు లేరు. కరెంటు పోయిన రాత్రి శ్రీనగర్‌లో దానికి సాటివచ్చేదీ లేదు.