కంతికి పేరు నిర్ణయించిన రంగు

రాజమహేంద్రవరము నుండి వచ్చు బాటసారి గౌతమిని దాటి కోనసీమలో అడుగిడుచోట రావులపాలెమున్నది. ఇచ్చటి అరటి సంతలో గెలను చూచినంతనే ఇది కర్పూరము, ఇది చక్కెరకేళి యని వర్తకులు చెప్పగలరు. కాని కంటికి ఒక్కటిగా తోచి, గుణమున వేరగునవియు లోకమున కలవు. అట్టి యొక కంతిని వైద్యులు గుర్తింప నేర్చిన చరిత్రను నేడు మనవి చేయుచున్నాము.

కడుపుగోడలోను, చిన్నప్రేవు గోడలోను పెరుగు కొన్ని కంతులను వైద్యులు చిరకాలము మృదుకండరపు కంతులనియే తలచిరి. సూక్ష్మదర్శినిలో రెండింటి కణములును కదురు ఆకారముననే కనబడుట ఇందుకు కారణము. 1983లో మజూర్, క్లార్క్ అను పరిశోధకులు వీటిలో పెక్కింటికి కండర లక్షణములు గాని, నరపు తొడుగు లక్షణములు గాని స్పష్టముగా లేవని గమనించి, 'స్ట్రోమల్ కంతులు' అను పేరు వాడిరి.

ఈ విచారణకు తోడ్పడినది ప్రతిరక్షకముల విద్య. ప్రతిరక్షకము, తాళమునకు తగిన చెవివలె, తన ప్రోటీనునే వెదకి పట్టుకొనును. దానికి రంగును జోడించినచో ఆ ప్రోటీనున్న చోటు బయటపడును. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందము మెరయు రంగుతో ఈ మార్గమును చూపెను. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఒకే తీరు ప్రతిరక్షకములను కోరినన్ని తయారుచేయు విధానము కనుగొనిరి.

1998లో జపానుదేశపు హిరోటా, కితమురా బృందము అసలు గుట్టు విప్పెను. ఈ కంతులలో కిట్ అను జన్యువు మార్పుచెంది, పెరుగుమని కణమును ఎడతెగక పురికొల్పుచున్నది. ప్రేవుల కదలికకు లయ కూర్చు కహాల్ కణములయందును ఈ కిట్ ప్రోటీనే యున్నది. దీనిని పట్టియిచ్చు సి.డి. 117 పరీక్షలో నూటికి సుమారు 95 స్ట్రోమల్ కంతులు రంగు చూపును. తక్కినవానిలో కొన్నింటికి 2004లో వెలువడిన డాగ్-1 అక్కరకు వచ్చుచున్నది. మృదుకండరమునకు డెస్మిన్, నరపు తొడుగునకు ఎస్-100 గుర్తులు. కొన్ని మెలనోమా కంతులును కిట్ రంగు చూపును గనుక, ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పరాదు.

పేరు కొరకు ఇంత శ్రమ యేల యందురా? శస్త్రమునకు లొంగని స్ట్రోమల్ కంతికి పూర్వపు కాన్సరు మందులు దాదాపు పనిచేయలేదు. 2000లో ఫిన్లండులో ఒక రోగికి ఇమాటినిబ్ మాత్రలు ఈయగా కంతులు తగ్గెను. 2002లో అమెరికాలో ఈ వ్యాధికి ఆ మందు ఆమోదము పొందెను. అదే మాత్ర మృదుకండరపు కంతికి పనికిరాదు. కావున రంగు చెప్పిన పేరే మందును నిర్ణయించును.

ఇమాటినిబ్ చేయు పని మనకు మరింత ఆసక్తికరము. కిట్ ప్రోటీనులో ఏ.టి.పి. అను పదార్థము చేరవలసిన చోటును అది ముందే ఆక్రమించును. ఆ ఏ.టి.పి.ని 1929లో, జర్మనీలో లోమన్ వేరుగా కనుగొన్న యేటనే, హార్వర్డులో ఫిస్కేతో కలసి కనుగొన్నవారు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు 1895లో భీమవరమున జన్మించి, కొంతకాలము రాజమహేంద్రవరమున చదివిరి. ఆ రెండూళ్ల నడిమి గోదావరి పాయల మధ్యనే మన రావులపాలెమున్నది.

కడపట ఒక్క మాట. కోసి తీసిన కంతిని పారవేయనీయక, ఫార్మలినులో ఉంచి పరీక్షకు పంపుమని రోగి బంధువులు అడుగవలెను. పరీక్షాశాలలో దాచిన మైనపు దిమ్మ ఏండ్లనాటిదైనను, దానినుండి పలుచని పొర కోసి మరల రంగు వేయవచ్చును. నాడు తప్పిన పేరును నేడు సరిదిద్దుటకు ఆ చిన్న దిమ్మయే చాలును.