కాపీరైటు వ్యాజ్యాలలో చందాదారుని గోప్యత: ఒక చారిత్రక పరిశీలన

ములుగు వంటి పట్టణంలో ఇంటర్నెట్ కనెక్షన్ ఒక్క మనిషిది కాదు. ఇంటి యజమాని పేరున ఉన్న వైఫైను అద్దెకున్నవారూ వాడుకుంటారు. సిగ్నలు సరిగా అందని చోట ఒకే ఫోను హాట్‌స్పాట్‌తో నలుగురు పని జరుపుకుంటారు. సేవాసంస్థ రికార్డులో మాత్రం ఒక్క పేరే ఉంటుంది. సినిమాను దొంగచాటుగా దించుకున్నారన్న ఆరోపణ వచ్చినప్పుడు ఆ పేరును హక్కుదారునికి వెల్లడించవచ్చునా? ఈ ప్రశ్నకు మన న్యాయచరిత్రలో ఉన్న ఆధారాలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికాలో ఈ వివాదం ముందుగా తలెత్తింది. దావా వేయకుండానే చందాదారుల పేర్లు రాబట్టే పద్ధతి కుదరదని 2003 డిసెంబరులో అక్కడి అప్పీలు కోర్టు వెరిజాన్ కేసులో తేల్చింది. దాంతో సంగీత కంపెనీలు 2004 జనవరిలో 532 మంది అజ్ఞాత వ్యక్తులపై ‘జాన్ డో’ పేరిట దావాలు వేశాయి. బ్రిటన్‌లో 2012 మార్చిలో గోల్డెన్ ఐ కేసు విచారించిన న్యాయమూర్తి, చందాదారుడే ఉల్లంఘనకారుడు కానక్కరలేదని గుర్తించి, వారికి పంపే లేఖల మాటలను సైతం కోర్టు పర్యవేక్షణలోకి తెచ్చారు.

అదే వేసవిలో తెలుగు సినిమా ఈ చరిత్రలోకి ప్రవేశించింది. ‘3’ అనే తమిళ చిత్రానికి, ‘దమ్ము’ అనే తెలుగు చిత్రానికి మద్రాసు హైకోర్టు అజ్ఞాత ప్రతివాదులపై ఉత్తర్వులిచ్చింది. 2002లో ఢిల్లీ హైకోర్టు తాజ్ టెలివిజన్ కేసులో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో, జాన్ డోకు బదులుగా ‘అశోక్ కుమార్’ అనే పేరు తరువాత వాడుకలోకి వచ్చింది. 2012 మే నెలలో సేవాసంస్థలు పైరసీ సైట్లతో పాటు విమియో వంటి చట్టబద్ధమైన సైట్లనూ మూసివేశాయి. సేవాసంస్థల అభ్యర్థనపై జూన్ 22న ఆ కోర్టే, నిషేధం నిర్దిష్ట లంకెకే గాని మొత్తం వెబ్‌సైటుకు కాదని స్పష్టం చేసింది.

ఇక్కడ ఒక విశేషం గమనించాలి. మన కోర్టుల ముందు హక్కుదారులు ప్రధానంగా కోరినది సైట్ల మూసివేతనే. చందాదారుని ముసుగు తొలగించడం వారికి ముఖ్యం కాలేదు. దీనిని గోప్యత పట్ల గౌరవంగా భావించడం పొరపాటు. వేలాది ప్రేక్షకులపై విడివిడిగా దావా నడపడం కంటే మూసివేత చవక అన్నదే నా అభిప్రాయం.

గోప్యతకు న్యాయపరమైన రక్షణ అప్పటికే ఉంది. విచిత్రమేమంటే అది హైదరాబాదు నుండి, స్టాంపు సుంకం వివాదం నుండి పుట్టింది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపు చట్టంలోని 73వ సెక్షనును సవరించి, కలెక్టరు లేదా ఆయన అధికారమిచ్చిన వ్యక్తి ఏ ప్రాంగణంలోనైనా ప్రవేశించి పత్రాలు తనిఖీ చేయవచ్చునని పేర్కొంది. బ్యాంకులు ఎదిరించాయి, హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు కెనరా బ్యాంకు కేసులో ఆ తీర్పును సమర్థిస్తూ, గోప్యత స్థలానికి కాక వ్యక్తికి చెందినదని, ఖాతాదారు పత్రాలు బ్యాంకు చేతిలో ఉన్నంత మాత్రాన వాటి గోప్యత పోదని నిర్ణయించింది. సమాచారం మూడో వ్యక్తి చేతిలో పెట్టినవాడు రక్షణ కోల్పోతాడన్న అమెరికా మిల్లర్ కేసు (1976) వాదాన్ని అది అంగీకరించలేదు. బ్యాంకు స్థానంలో సేవాసంస్థను ఉంచి చదివితే మన ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. అయినా కాపీరైటు చర్చల్లో ఈ తీర్పు ప్రస్తావన అరుదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడంతో ఈ సూత్రానికి రాజ్యాంగబలం చేకూరింది.

ఐపీ చిరునామా నుండి మనిషిని పోల్చుకోవడంలోని ప్రమాదం ఊహాజనితం కాదు. 2007లో ఆర్కుట్‌లో శివాజీపై పెట్టిన ఒక చిత్రం కేసులో తప్పు చిరునామా వివరాల వల్ల బెంగళూరుకు చెందిన ఒక ఇంజనీరు పుణెలో 50 రోజులు జైలు గడిపాడు. అది కాపీరైటు కేసు కాకపోయినా పొరపాటు స్వభావం ఒక్కటే. 2011 నాటి సైబర్ కేఫ్ నిబంధనలు నెట్ సెంటర్లలో గుర్తింపు పత్రం చూడాలని, వాడకపు వివరాలు కనీసం ఏడాది భద్రపరచాలని, అరల గోడలు నాలుగున్నర అడుగులు మించరాదని విధించాయి. దుకాణాలు మూతపడ్డాక ఆ రిజిస్టర్లు ఏ చేతుల్లోకి పోయాయన్నది వేరొక పరిశోధనకు తగిన అంశం.

2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ నిర్వాహకుడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని అరెస్టు చేసినప్పుడు సమస్య తిరగబడింది. సుమారు 50 లక్షల మంది వినియోగదారుల సమాచారం అతని వద్ద ఉందని పోలీసులు ప్రకటించారు. అంతవరకు ప్రశ్న సేవాసంస్థ, హక్కుదారుల మధ్యనే ఉండేది. ఇప్పుడు ఉచితంగా సినిమా చూసినవారి వివరాలు పైరసీదారుని చేతుల మీదుగా దర్యాప్తు సంస్థకు చేరాయి. అదే నెలలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 నియమాలు వెలువడ్డాయి. ఆ చట్టపు 17వ సెక్షను, న్యాయపరమైన హక్కు సాధనకు అవసరమైన సమాచార వినియోగానికి అనేక బాధ్యతల నుండి మినహాయింపునిస్తోంది. ఈ ‘అవసరం’ అన్న మాటను కెనరా బ్యాంకు తీర్పు వెలుగులో చదివితే, చందాదారుని పేరు కోరే నిర్మాత ముందుగా ఆ కనెక్షన్‌ను వాడినది ఆ చందాదారుడేనని చూపవలసి ఉంటుంది. ఒకే వైఫైను ఇల్లంతా పంచుకునే ములుగులో అది సులభమైన పని కాదు.