పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ: వార్డు నుంచి ఓపీకి

ఆక్యుపేషనల్ థెరపీ మొదట పెద్దల కోసం పుట్టింది. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో, జార్జ్ బార్టన్ ఇంట్లో కొద్దిమంది కూడి ఈ వృత్తికి తొలి సంఘం పెట్టారు. బార్టన్ వైద్యుడు కాదు, ఆర్కిటెక్టు. క్షయ, పక్షవాతం రెండూ అనుభవించి, తోటపనీ వడ్రంగమూ చేసుకుంటూ కోలుకున్నవాడు. చేతికి పని దొరికితే మనిషి కుదుటపడతాడన్నది ఆ బృందం నమ్మకం. వాళ్లు ముందుగా పట్టించుకున్నది మానసిక రోగులను, ఆ వెంటనే మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులను.

పిల్లలను ఈ వృత్తి దగ్గరకు తెచ్చినవాటిలో పోలియోది పెద్ద వాటా. 1916 ఒక్క ఏడాదిలోనే అమెరికాలో 27 వేల మందికి పైగా ఆ జబ్బు సోకింది, ఆరు వేలకు పైగా చనిపోయారు. బతికి బయటపడ్డ పిల్లలూ, ఎముకల క్షయ పట్టిన పిల్లలూ నెలల తరబడి వార్డుల్లోనే ఉండేవారు. కాళ్లకు పిండికట్లు, మంచం మీదే చదువు, మంచం మీదే ఆట. థెరపిస్టు చిన్న మగ్గమో, మట్టిముద్దో, బుట్ట అల్లే పేమో అక్కడికే పట్టుకొచ్చేది. చూసేవాళ్లకు అది కాలక్షేపం. కానీ మగ్గాన్ని నాలుగు అంగుళాలు పైకి కడితే బిడ్డ భుజం ఎత్తక తప్పదు. నూలు లాగాలంటే బొటనవేలు కదపక తప్పదు.

క్షయకు స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1955లో సాల్క్ టీకా వచ్చింది. దీర్ఘకాలపు వార్డులు క్రమంగా ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత థెరపిస్టుల దగ్గరకు ఎక్కువగా వచ్చినవాళ్లు సెరిబ్రల్ పాల్సీ పిల్లలు. వాళ్లుండేది ఇంట్లో, అమ్మానాన్నల దగ్గర. ఓపీకి వచ్చి ఓ గంట ఉండి వెళ్లిపోతారు. వారానికి ఒక గంట చికిత్స అయితే మిగతా 167 గంటలు ఎవరి చేతిలో ఉన్నట్టు? పిల్లల థెరపీ ఆ తర్వాత తిరిగిన ప్రతి మలుపులోనూ ఈ లెక్క ఉంది.

దాన్ని ముందుగా గట్టిగా పట్టుకున్నవాళ్లలో బెర్టా, కారెల్ బోబాత్ దంపతులు ఉన్నారు. నాజీల కాలంలో లండన్ చేరుకున్న వీరు 1951లో అక్కడ సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం కేంద్రం తెరిచారు. బిడ్డను ఎలా ఎత్తుకోవాలి, ఎలా కూర్చోబెట్టాలి, స్నానం ఎలా చేయించాలి అన్నది తల్లికి నేర్పడం వారి పద్ధతిలో భాగం. ఆ బాటలోనే నాన్సీ ఫిన్నీ 1968లో ఇంట్లో ఇలాంటి పిల్లలను సాకడంపై తల్లిదండ్రుల కోసం ఒక పుస్తకం రాసింది. బొమ్మలతో, మామూలు మాటలతో ఉన్న ఆ పుస్తకం చాలామంది థెరపిస్టులకూ చేతిపుస్తకమైంది.

నేటి ఓపీ గది రూపురేఖలకు మాత్రం ఎక్కువగా కారణం జీన్ ఏర్స్ (1920–1988). కాలిఫోర్నియాలో థెరపిస్టుగా పనిచేస్తూ 1961లో ఎడ్యుకేషనల్ సైకాలజీలో డాక్టరేట్ పొందింది. చూపులో, వినికిడిలో లోపం కనిపించకపోయినా పెన్సిల్ పట్టలేని, మెట్లు దిగడానికి భయపడే, చొక్కా లేబుల్ తగిలితే ఏడ్చే పిల్లలు ఆమెను ఆలోచింపజేశారు. స్పర్శ, శరీర సమతూకం, కండరాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు సరిగా కూడగట్టలేకపోవడమే కారణమని 1972 నాటి పుస్తకంలో ఆమె వాదించింది. అలా కూడగట్టడానికే సెన్సరీ ఇంటిగ్రేషన్ అని పేరు. అప్పటినుంచి థెరపీ గదుల పైకప్పులకు కొక్కేలు, వాటికి ఉయ్యాలలు వచ్చాయి. లావాటి దిండులాంటి ఉయ్యాలను కావలించుకుని పడుకున్న బిడ్డ ఊగుతూనే నేల మీది రింగులు ఏరి కర్రకు తొడుగుతాడు. ఆ ఒక్క ఆటలో మెడ నిలపడం, పట్టు, గురి అన్నీ ఉన్నాయి.

సిద్ధాంతం పాకినంత వేగంగా రుజువు రాలేదు. సెన్సరీ థెరపీలపై పరిశోధన పరిమితమని, తేల్చి చెప్పేంత లేదని 2012లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ ప్రకటించింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం సెరిబ్రల్ పాల్సీ చికిత్సలన్నీ జల్లెడ పట్టింది. బోబాత్ పద్ధతి నెగ్గలేదు. బిడ్డ తానుగా ఒక లక్ష్యం కోసం చేసే సాధన, ఇంట్లో సాగే కార్యక్రమాలు నెగ్గాయి. బోబాత్‌ల చేతి విద్య వెనకబడినా, తల్లికి నేర్పాలన్న వాళ్ల పట్టుదల నిలిచిందన్నమాట.

భారతదేశానికి ఈ వృత్తిని తెచ్చింది అమెరికాలో పుట్టి మహారాష్ట్ర కోడలైన కమలా నింబ్కర్. 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ఆమె తొలి శిక్షణ పాఠశాల పెట్టింది. 1952లో ఆక్యుపేషనల్ థెరపిస్టుల ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో భారత్ ఒకటి. తెలుగునాట పెద్ద మలుపు 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. తినడం, బట్టలు వేసుకోవడం, స్నానం వంటివి ఇంట్లో నేర్పేందుకు తల్లిదండ్రుల కోసం అది చిన్న పుస్తకాలు తెచ్చింది.

పిల్లల నైపుణ్యాన్ని కొలిచే విదేశీ పరీక్షలతో ఇక్కడ ఒక చిక్కు. ఫోర్కు, కత్తి పట్టడం గురించి అడిగే ప్రశ్నలు మన పిల్లల సామర్థ్యాన్ని అంతగా చెప్పవు. పప్పన్నం కలిపి ముద్ద చేసి, వేళ్ల మధ్య జారకుండా నోటికి అందించడం చిన్న పని కాదు. గొంతుక్కూర్చుని లేవడమూ అంతే. అనుభవమున్న థెరపిస్టులు పరీక్ష కాగితంతో పాటు ఇవీ గమనిస్తారు.

అమెరికాలో వికలాంగ పిల్లల చదువు కోసం 1975లో వచ్చిన చట్టం ఈ సేవను ప్రభుత్వ బడుల్లోకి తెచ్చింది, అదీ ఉచితంగా. మన దగ్గర భారం చాలావరకు ఆసుపత్రుల ఓపీల మీద, హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో సెషన్ చొప్పున ఫీజు తీసుకునే ప్రైవేటు కేంద్రాల మీద పడింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు చేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 21కి పెంచింది. చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందులకూ అందులో చోటు దొరికింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆక్యుపేషనల్ థెరపిస్టులను జాతీయ, రాష్ట్ర రిజిస్టర్ల కిందికి తెచ్చింది.