ఎన్ని జోడాలు? మన లిబాస్ తారీఖ్ అడిగే సవాల్

పెళ్లి సంబంధం ఖాయం కాగానే మన ఇళ్లల్లో మెహర్ మాట కంటే ముందు వినబడే సవాల్ ఒకటుంది: "ఎన్ని జోడాలు?" మంగ్నీకి ఒకటి, సాంచక్ కు ఒకటి, మెహందీకి ఒకటి, నికాహ్ కు ఒకటి, వలీమాకు ఒకటి. ఆపైన జుమాగీలు. అప్పు చేసైనా సరే అబ్బా తెస్తాడు. ఏడాది తిరిగేసరికి వాటిలో సగం అల్మారాలో మడత విప్పకుండానే ఉంటాయి. బిడ్డ పుట్టాక అవి పట్టవు. ఫ్యాషన్ మారిపోయింది కాబట్టి చెల్లెలికీ వద్దు. పాలిస్టర్ మీద ప్లాస్టిక్ పూసలు అతికించిన జోడా కాబట్టి పాత గుడ్డగా తుడుచుకోవడానికైనా పనికిరాదు.

పర్యావరణానికి మేలు చేసే బట్టలు, అలంకారాలు అంటూ ఈ మధ్య చాలా మాటలు వినబడుతున్నాయి. పెద్ద షోరూముల్లో "నేచురల్" అని చీటీ అంటించి మనం కొనలేని ధరకు అమ్ముతున్నారు. అది చూసి, ఇది పైసలున్నవాళ్ల షౌఖ్, మన మసలా కాదు అనుకుంటాం. కానీ మన తారీఖ్ తిరగేస్తే వేరే సంగతి కనబడుతుంది. దక్కన్ ముసల్మానుల లిబాస్, సింగార్ మొత్తం ఇక్కడి జమీన్ లోంచి, ఇక్కడి వేళ్లలోంచి, ఇక్కడి కారీగర్ల చేతుల్లోంచి వచ్చినవే. దాన్ని మనం పోగొట్టుకుని నూట యాభై ఏళ్లు కూడా పూర్తిగా కాలేదు.

ఒక మాట ముందే చెప్పాలి. బాగా ముస్తాబు కావడం గునాహ్ కాదు. ఖుర్ఆన్ లో సూరహ్ అల్ ఆరాఫ్ 31వ ఆయత్ చూడండి. జీనత్ తీసుకోమని, అంటే మంచిగా తయారు కమ్మని చెప్పిన ఆయత్ లోనే ఇస్రాఫ్ వద్దని, దుబారా మనుషుల్ని అల్లాహ్ ఇష్టపడడని హెచ్చరిక ఉంది. జీనత్, ఇస్రాఫ్ రెండూ ఒకే ఆయత్ లో పక్కపక్కన ఉన్నాయి. మన పాత లిబాస్ కథంతా ఆ రెండింటి మధ్య తోవ వెతుక్కున్న కథే.

బందరు రంగులు

కుతుబ్ షాహీల జమానా (1518–1687) లో గోల్కొండ సల్తనత్ కు పెద్ద రేవు మచిలీపట్నం. ఇవాళ్టికీ మనం ఆ ఊరిని బందరు అంటాం. బందర్ అంటే ఫార్సీలో రేవు. అలాగే కలంకారీ అన్నదీ ఫార్సీ మాటే, కలంతో చేసే పని. మంచం మీద పరిచే పలంగ్ పోష్ లు ఇక్కడి నుంచి ఈరాన్ కూ, యూరప్ కూ జహాజుల్లో వెళ్లాయి. ఆ పలంగ్ పోష్ అన్న మాట తెల్లోళ్ల నోట్లో పడి పాలంపోర్ అయ్యింది. ఈ బట్టల కోసమే డచ్చివాళ్లు 1606లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో కోఠీలు పెట్టుకున్నారు.

ఆ బట్టకు అంత పేరెందుకొచ్చింది? రంగు పోకపోవడం వల్ల. ముందు గుడ్డను కరక్కాయ రసంలో, గేదె పాలలో ముంచి ఆరబెడతారు. పాలలో ఉండే కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. నలుపు కావాలంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. ఎరుపు కోసం పటిక అద్ది, చిరివేరుతో కలిపి ఉడకబెడతారు. పసుపుకు దానిమ్మ తొక్క, నీలానికి నీలిమందు. ప్రతి రంగు తర్వాతా పారే కాల్వ నీళ్లలో జాడిస్తారు.

చిరివేరు అంటే సముద్రం ఒడ్డున ఇసుక నేలల్లో పెరిగే ఒక చిన్న మొక్క వేరు. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాస్తూ ఈ వేరు సంగతి ప్రత్యేకంగా చెప్పాడు. అది బాగా దొరికే చోటు పెటపోలి అన్నాడు. అదే ఇవాళ్టి నిజాంపట్నం. ఒక ఊరి ఇసుకలో పెరిగే వేరు ఇస్ఫహాన్ ఇళ్లల్లో పరుపుల మీద పువ్వై పూసిందన్నమాట.

అప్పుడూ ఫ్యాషన్ పిచ్చి లేకపోలేదు. ఈ బట్టల మోజు యూరప్ లో ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక కానూన్, 1721లో ఇంకా గట్టి కానూన్ తెచ్చింది. తేడా ఏమిటంటే, మోజు పడి కొన్న ఆ బట్ట ఏళ్ల తరబడి ఉండేది. కొన్ని ఇవాళ్టికీ మ్యూజియాల్లో రంగు వెలవకుండా ఉన్నాయి.

లోపల సూత్, బయట రేషమ్

షరీఅత్ లో మర్దులకు ఖాలిస్ రేషమ్ మనా. మరి షాదీలో, దర్బారులో మెరుపు ఎలా? దానికి నేతగాళ్లు చూపిన తోవే మష్రూ. పడుగు పట్టు, పేక నూలు. పైకి కనబడే వైపు పట్టు మెరుస్తుంది, ఒంటికి తగిలే వైపు నూలు ఉంటుంది. మష్రూ అంటేనే షరా ఒప్పుకున్నది అని అర్థం చెప్తారు. నిజాం రియాసత్ లో ఉన్న ఔరంగాబాద్ లో ఇదే తరహాలో పట్టూ నూలూ కలిపి హిమ్రూ నేసేవారు. దాంతో కుట్టిన షేర్వానీలు అమీర్ల ఒంటి మీద మెరిసేవి.

దీన్ని హీలా అని, బహానా అని కొట్టిపారేయొద్దు. హద్దు గీసిన చోట హునర్ పుడుతుంది అనడానికి ఇది గవాహీ. పైగా ఎండాకాలం దక్కన్ లో నూలు ఒంటికి తగలడం ఎంత సుకూనో వేరే చెప్పాలా? ఇవాళ మన బజార్లలో దొరికే బుర్ఖాల్లో చాలావరకు పాలిస్టర్ వే. మే నెలలో మన అమ్మీలు, ఆపాలు అందులో ఉడికిపోతుంటే పర్దా కష్టమంటాం. కష్టం పర్దాది కాదు, ఆ గుడ్డది.

నూనె వాసన రుమాలు

చీరాల తేలియా రుమాల్ సంగతి ఇంకా దిల్ చస్ప్. నేసేముందే నూలుకు ఆముదం కాయల బూడిద, నూనె కలిపి రోజుల తరబడి పిసికి ఎండబెడతారు. అప్పుడు దారం రంగును బాగా పట్టుకుంటుంది. ఆ నూనె వాసన వల్లే తేలియా అన్న పేరు. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. పడుగూ పేకా రెండింటికీ ముందే ముడులు కట్టి రంగేసి, నేసేటప్పుడు డిజైన్ కలిసేలా చూస్తారు. చీరాల నుంచి ఇవి అరబ్ దేశాలకు వెళ్లాయి. అక్కడ మర్దులు తలకు చుట్టుకునేవారు. ఇక్కడ హైదరాబాద్ హవేలీల్లో బేగమ్ లు దుపట్టాగా వేసుకునేవారు. అరబ్బు తలమీదికీ, బేగం భుజం మీదికీ ఒకటే బట్ట, దాన్ని నేసిన చేతులు మాత్రం చాలావరకు హిందూ నేతన్నలవి. గంగా జమునీ తహజీబ్ అంటే ఖవ్వాలీ ఒక్కటే కాదు.

తర్వాత ఈ పని యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నిలబడింది. 2020లో పుట్టపాక తేలియా రుమాల్ కు జీఐ గుర్తింపు వచ్చింది.

దూదేకులోళ్ల విల్లు

బేగమ్ ల దుపట్టాల కంటే నాకు ఎక్కువ ఇజ్జత్ అనిపించేది మన దూదేకుల, నూర్ బాషా బిరాదరీ పని. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవారు. గడ్డకట్టిన పాత పరుపునీ, రజాయినీ విప్పి, ఆ దూదినే విల్లు మీద ఏకి మళ్లీ మెత్తగా చేసి నింపి కుట్టేవారు. టంగ్ టంగ్ అని ఆ నారి మోగితే వీధిలో పిల్లలందరూ గుమిగూడేవారు. ఒకే దూది తాత కింద, అబ్బా కింద, మన కింద కూడా నలిగింది. ఇవాళ రీసైక్లింగ్ అని పెద్ద పేరు పెట్టి చెప్పే పనిని వాళ్లు పేరు లేకుండా చేశారు. దానికి మనం ఇచ్చిన బదులు ఏమిటి? దూదేకులోడు అనే మాటనే తిట్టుగా మార్చాం. షేక్, సయ్యద్ అని చెప్పుకునే మనవాళ్లు కూడా వాళ్లను తక్కువ చేసి చూశారు. ఫోమ్ పరుపులు, మిషన్లు వచ్చి ఆ విల్లు మూలన పడ్డాక కూడా తిట్టు మాత్రం మిగిలింది.

ఇళ్లల్లో కూడా అదే లెక్క నడిచేది. పెద్దోడి కుర్తా చిన్నోడికి, అక్కడి నుంచి దస్తీకి, ఆ తర్వాత బొంతలోకి. అసలు జరీ ఉన్న పాత జోడాలను జరీ కొనేవాళ్లకు అమ్మితే వెండి పైసలు తిరిగొచ్చేవి. చిరిగిన దానికి పేవంద్ వేసుకోవడం షరమ్ కాదు. రసూలుల్లాహ్ (స.అ.స.) తన బట్టలు, చెప్పులు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర.అ.) చెప్పిన రివాయత్ ఉంది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర.అ.) బట్టల మీది పేవంద్ ల సంగతి మన పిల్లలకూ తెలుసు. ఖిలాఫత్ తహరీక్ రోజుల్లో అలీ బ్రదర్స్ తల్లి బీ అమ్మా, ఆబాదీ బానో బేగం, బురఖా పక్కకు పెట్టి జల్సాల్లో మాట్లాడుతూ ఖద్దర్ కట్టమని ఆడవాళ్లను కోరారు. అప్పుడు గుడ్డ సియాసత్ కూడా అయ్యింది.

ఎక్కడ తెగింది?

1856లో ఇంగ్లండ్ లో విలియం పెర్కిన్ అనే కుర్రాడు తారు నుంచి ఊదా రంగు తీశాడు. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ అనే ఇద్దరు సైన్స్ దాన్లు మంజిష్ఠ వేరులో ఉండే ఎర్రరంగునే కార్ఖానాలో తయారు చేయొచ్చని చూపించారు. దాని పేరు అలిజరిన్. 1897 నుంచి నీలిమందు కూడా కార్ఖానాల్లోంచే వచ్చింది. చవక, జల్దీ అయ్యే పని. చిరివేరు తవ్వేవాళ్ల బతుకు పోయింది. మన తేలియా రుమాల్ ఎరుపులోకి కూడా అలిజరినే వచ్చి చేరింది. 1941లో పాలిస్టర్ దారం పుట్టింది. అది ఉతికిన ప్రతిసారీ కంటికి కనబడని ప్లాస్టిక్ నూగు నీళ్లలో కలుస్తుంది. వుజూకు నీళ్లు కూడా దుబారా చేయొద్దని నేర్చుకున్న ఉమ్మత్ మనది. మన ఉతికే నీళ్లు ఎటు పోతున్నాయో కూడా అడగాలి కదా.

అలాగని పాతదంతా పాక్, కొత్తదంతా ఖరాబ్ అని నేను అనడం లేదు. నవాబుల దేవ్డీల్లో ఇస్రాఫ్ ఏమీ తక్కువ కాదు. ఆ మెరిసే బట్ట నేసినోడి ఇంట్లో చాలాసార్లు పొయ్యి వెలగలేదు. సింగార్ సామాన్లో కూడా అంతే. పాత తరహా సుర్మా సీసం ఉన్న రాయితో చేసింది. పసిపిల్లల కళ్లకు పెట్టొద్దని డాక్టర్లు ఊరికే చెప్పడం లేదు. అది మన రివాజ్ కాబట్టి మంచిదే అని జిద్దు పడకూడదు.

మెహందీ సంగతి దానికి ఉల్టా. పెరట్లో గోరింటాకు రుబ్బి పెట్టుకుంటే పండేది నారింజ, ఎరుపు, గోధుమ రంగు. గంటలో నల్లగా పండే కోన్లలో చాలాసార్లు జుట్టు రంగులో వాడే పీపీడీ అనే కెమికల్ ఉంటుంది. అది కొందరికి పొక్కులు తెస్తుంది, మచ్చలు వదులుతుంది. దుల్హన్ చేతులకు మనం పెట్టే తోఫా అదా? ఇక్కడ మాత్రం పాత తోవే సలామత్.

ఇప్పుడేం చేద్దాం?

ఖరీదైన దుకాణానికి పోనక్కర్లేదు. పెళ్లి మాటల్లో "ఎన్ని జోడాలు" అనగానే ఇరువైపులా పెద్దలు కూర్చుని రెండు తగ్గించండి. అబ్బాయి వాళ్లే ముందు నోరు తెరవాలి, ఎందుకంటే అమ్మాయి అబ్బా అడగలేడు. ఉన్నవాటిలో ఒకటి నేతన్న దగ్గర నూలుదో మష్రూదో తీసుకోండి, పదేళ్లు కడతారు. నానీమా ఖడా దుపట్టా ఉంటే దులిపి తీసి దుల్హన్ కు కప్పండి, అంతకంటే జీనత్ ఏముంది? బుర్ఖా కొనేటప్పుడు రంగు, డిజైన్ తో పాటు గుడ్డ ఏమిటని అడగండి. మెహందీకి ఆకు రుబ్బండి. ఇక దూదేకుల అనే మాటను తిట్టుగా వాడేవాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే, వాళ్లకు ఆ విల్లు కథ చెప్పండి.

జోడాల లెక్క వేసేటప్పుడు జమీన్ లెక్క కూడా వేయాలి. ఈ జమీన్ మనకు అమానత్. అమానత్ ను వాడుకోవచ్చు, చింపి పారేయకూడదు.