గాలిలో దొంగతనం

ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తెచ్చుకోవాలి. పెద్దతిప్పసముద్రంలో మా అవ్వ ఆ లైసెన్సు పుస్తకాన్ని పంచాంగం పక్కన దాచేది. "వినేదానికే ఇంత భయమైతే, మాట్లాడేవాళ్ల గతేమి పాపా?" అనేది.

అలా మాట్లాడిన ఒక అమ్మాయి కథ ఇది.

సరదాకి సొంతంగా వైర్‌లెస్ పెట్టుకుని, ఎక్కడెక్కడి వాళ్లతోనో కబుర్లాడుకునే వాళ్లను హామ్‌లంటారు. 1939లో యుద్ధం వచ్చీరాగానే బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ల లైసెన్సులన్నీ రద్దు చేసేసింది. ఇక ఎవరు నోరు విప్పినా నేరమే.

1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం. తెల్లారేసరికి గాంధీగారు మొదలు పెద్దలందరూ జైలుపాలు. పత్రికల నోటికి తాళం. అప్పుడు ఇరవై రెండేళ్ల ఉషా మెహతా చదువు పక్కన పెట్టి, స్నేహితులతో కలిసి ఒక సాహసం చేసింది. నారిమన్ ప్రింటర్ అనే పాత హామ్ యంత్రం తయారుచేసి ఇచ్చాడు. ఆగస్టు 27న, 42.34 మీటర్ల మీద, "ఇండియాలో ఎక్కడినించో" అంటూ కాంగ్రెస్ రేడియో పలికింది. చిట్టగాంగ్ మీద బాంబులు, జంషెడ్‌పూర్ సమ్మె, అష్టి-చిమూర్ ఘోరాలు... పత్రికలు అచ్చు వేయలేని కబుర్లన్నీ గాలిలోకి వచ్చాయి. రామ్‌మనోహర్ లోహియా వంటివారు అండగా నిలిచారు.

పోలీసులేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జాడ పట్టే వ్యాన్లు వీధులు తిరిగేవి. పిల్లిపిల్లల్ని మార్చినట్టు వీళ్లు యంత్రాన్ని ఇల్లిల్లూ మార్చేవారు.

నవంబరు 12న ఆట కట్టింది. దారి చూపిందెవరనుకున్నారు? యంత్రం చేసిచ్చిన ప్రింటరే! పోలీసులకి చిక్కాక అతను తట్టుకోలేకపోయాడు. తలుపులు బద్దలయ్యేసరికి వందేమాతరం రికార్డు తిరుగుతోంది. ఆపమన్నారు. ఉష ఆపలేదు.

ఆ తరువాత నెలల తరబడి ప్రశ్నలు. పెదవి విప్పలేదామె. నాలుగేళ్ల శిక్ష పడింది. ఎరవాడ జైలు నుంచి 1946లో బయటపడింది. 1998లో పద్మవిభూషణ్ ఇచ్చారు, 2000లో కన్నుమూసింది.

మనుషులు ఎంత చిత్రం! యంత్రాల గుట్టంతా తెలిసినవాడు మాట దాచలేకపోయాడు. యంత్రం సంగతి అంతంతమాత్రం తెలిసిన పిల్ల దాచింది. ప్రింటర్ని తిట్టాలని నాకనిపించదు. ఆ గదిలో ఉంటే మనమేం చేసేవాళ్లమో ఎవరు చెప్పగలరు?

కాలం మారింది. 1983లో హైదరాబాదులోనే అమెచ్యూర్ రేడియో వారికి జాతీయ సంస్థ ఏర్పడింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, ఆ సంస్థ తరఫున ప్రభుత్వ అనుమతితో అక్కడికి వెళ్లిన భారతీ ప్రసాద్ అనే ఆవిడ హామ్ రేడియో మీదే క్షేమ సమాచారాలు చేరవేసింది.

ఒక ఆడపిల్ల దొంగచాటుగా పలికింది, ఇంకొకావిడ దర్జాగా పలికింది. అవతలి ఒడ్డున చెవులు రిక్కించుకుని కూర్చున్నవాళ్లకి మాత్రం ఆ రెండూ ప్రాణం పోసే మాటలే.

మా అవ్వ ఉంటే ఈ కథ విని ఏమనేదో! బహుశా లైసెన్సు పుస్తకం మీద దుమ్ము దులిపి, "మాట్లాడనీ పాపా" అనేదేమో.