కౌలు, గుత్త, పుల్లరి: తెలుగు పదాలలో సాగునేల, మేతబీళ్ల ప్రతిఫల చరిత్ర

ప్రవేశిక

తెలుగునాట భూచరిత్రను ఎక్కువగా రాజ్యానికి చెల్లిన శిస్తు వైపు నుంచి రాశారు. శిస్తు నేలపై ప్రభుత్వానికి ఉన్న హక్కును తెలుపుతుంది. ఒకరి నేలను మరొకరు దున్నినప్పుడు వారి మధ్య చేతులు మారే ప్రతిఫలం చరిత్ర దీనికి భిన్నమైనది. అందులో చాలా భాగం ప్రభుత్వ దస్త్రాలకు ఎక్కలేదు. రైతుల మాటల్లో మాత్రం అది నిలిచి ఉంది.

ఈ ప్రతిఫలానికి తెలుగులో ఒక్క పేరు లేదు. పాలు, కోరు, సంగోరు, గుత్త, మక్తా, కౌలు అన్నవి సాగునేలకు సంబంధించిన మాటలు. పశువుల మేతకు చెల్లించేది పుల్లరి. నిఘంటువు తిరగేసేవారికి ఇవి దాదాపు పర్యాయపదాలుగా తోచవచ్చు. వాస్తవానికి ‘పంట పోతే నష్టం ఎవరిది?’ అనే ప్రశ్నకు వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క సమాధానం చెబుతుంది. ఈ పదాల క్రమాన్ని అనుసరించి, తెలుగునాట నేల ప్రతిఫలం ఏ దిశగా మారిందో, ఆ మార్పు భారం ఎవరిపై పడిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పాలు నుంచి గుత్తకు

పాలు, కోరు అనే మాటలకు భాగం అని అర్థం. సంగోరు అంటే సమానమైన కోరు, సగపాలు. ఈ పద్ధతిలో కళ్లంలో రాశి పడిన తరువాతనే పంపకం జరుగుతుంది. పండినదాన్ని బట్టి చెల్లింపు ఉంటుంది కనుక వాన తప్పినా, తెగులు సోకినా ఇద్దరి వాటా తగ్గుతుంది. సొంతదారు కళ్లానికి రావాలి, కొలత చూసుకోవాలి. పంట మీద అతనికీ చింత ఉంటుంది.

గుత్త స్వభావం ఇందుకు విరుద్ధం. కన్నడంలో గుత్తిగె, తమిళంలో కుత్తగై అనే రూపాలతో ఇది ద్రావిడ భాషలు పంచుకున్న మాట. అరబీ మూలం గల మక్తా కూడా ఇదే భావాన్ని ఇస్తుంది. ఈ రెండింటిలోనూ చెల్లింపు ముందే నిర్ణయమవుతుంది. దిగుబడి ఎంతైనా అది మారదు.

ఈ తేడాను ఒక ఊహాలెక్కతో స్పష్టం చేయవచ్చు. ఎకరానికి 30 బస్తాలు పండే నేలను ఒకరు సంగోరుకు, మరొకరు 15 బస్తాల గుత్తకు చేస్తున్నారనుకుందాం. మంచి ఏడాదిలో ఇద్దరికీ 15 బస్తాలే మిగులుతాయి. దిగుబడి 40 బస్తాలకు పెరిగితే గుత్త రైతుకు 25, సంగోరు రైతుకు 20 మిగులుతాయి. తుఫాను వచ్చి 10 బస్తాలే చేతికందితే సంగోరు రైతుకు 5 బస్తాలు దక్కుతాయి. గుత్త రైతు తన 10 బస్తాలూ ఇచ్చి మరో 5 బస్తాలు బాకీ పడతాడు. కాబట్టి గుత్త తనంతట తాను అన్యాయమైన పద్ధతి కాదు. నీరు నిలకడగా ఉండి, దిగుబడి పెరుగుతున్న నేలలో అది శ్రమించే రైతుకు లాభమే. ఆపద వచ్చినప్పుడు మాత్రం నష్టమంతా అతని మీదనే పడుతుంది.

కౌలు: మాట, పత్రం

కౌలు అరబీ పదమైన ‘ఖౌల్’ నుంచి వచ్చింది. దాని మూలార్థం మాట, ఇచ్చిన మాట. దక్కను సుల్తానుల పాలనాభాష ద్వారా తెలుగులో ప్రవేశించిన ఈ పదం మొదట అద్దెను సూచించలేదు. అధికారి తన కింది రైతుకో వర్తకునికో ఇచ్చే అభయం కౌలు. యుద్ధాల వల్లనో కరవు వల్లనో పాడుపడిన ఊళ్లకు రైతులను తిరిగి రప్పించడానికి పాలకులు కౌలు ఇచ్చేవారు. మొదటి ఏళ్లలో తక్కువగా, తరువాత క్రమంగా పెరిగి పూర్తి శిస్తుకు చేరే ఏర్పాటు అందులో ఉండేది. మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తులు చదివినవారికి ఈ అర్థంలో కౌలు సుపరిచితమే.

ఇక్కడ రెండు అంశాలు గుర్తించదగినవి. మొదటిది, ఆనాటి కౌలు బలవంతుడు బలహీనునికి ఇచ్చిన మాట. రెండవది, ఆ మాట రాతపూర్వకంగా ఉండేది. కౌలునామా రైతు చేతిలో ఉండే సాక్ష్యం. నేటి కౌలులో ఈ రెండు లక్షణాలూ తారుమారయ్యాయి. ఆ పరిణామానికి పునాదులు 19వ శతాబ్దంలో పడ్డాయి.

నీరు, ధర, ప్రతిఫలం

ఉత్తర సర్కారులలో 1802 నుంచి శాశ్వత పరిష్కారం అమలుకు వచ్చింది. దత్తమండలంలో మన్రో నాటిన రైత్వారీ విధానం తరువాత విస్తరించింది. రైత్వారీలో పట్టాదారు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కడతాడు. ఆ శిస్తును దీర్ఘకాలానికి, సాధారణంగా 30 ఏళ్లకు, నిర్ణయించేవారు. ఈ మధ్యలో ధాన్యం ధర పెరిగినా, నేలకు కొత్తగా నీరు వచ్చినా నేల ఇచ్చే ఫలానికీ కట్టవలసిన శిస్తుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడమే కౌలుకు చోటిచ్చింది. తాను దున్నకుండా మరొకరికి ఇచ్చి, శిస్తు పోను మిగులు తీసుకునే వీలు పట్టాదారుకు కలిగింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టాలో దిగుబడికి నిలకడ వచ్చింది. నిలకడ ఉన్నచోట సొంతదారు పాలు కంటే స్థిరమైన మక్తాను కోరుకుంటాడు. కళ్లానికి వచ్చి కొలత చూసుకోనవసరం లేదు. పట్నంలో ఉండి కూడా ఆదాయం పొందవచ్చు. చదువులకు, ఉద్యోగాలకు డెల్టా కుటుంబాలు పట్టణాలకు తరలడానికి ఈ స్థిరాదాయం తోడ్పడింది. అలా తరలిన కుటుంబాల నేలలు మళ్లీ కౌలుకే వచ్చాయి.

ధాన్యం రూపంలో ఉండే మక్తాకు, రొక్కం రూపంలో ఉండే మక్తాకు భేదముంది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ఈ భేదాన్ని బయటపెట్టింది. ధాన్యం ధర కుంగినప్పుడు బస్తాలలో చెల్లించేవాని భారం విలువలో తగ్గింది. రొక్కం ఒప్పుకున్నవాడు అంతే రొక్కం కోసం ఎక్కువ ధాన్యం అమ్ముకోవలసి వచ్చింది. 1930లలో ఆంధ్ర ప్రాంతంలో రైతు ఉద్యమం బలపడటానికి ధరల పతనం ఒక ముఖ్య కారణం.

అయితే ఆ ఉద్యమంలోని ‘రైతు’ అనే మాట పరిధిని పరిశీలించాలి. 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టం జమీందారు కింది రైతుకు సాగుహక్కు ఇచ్చింది. ఆ రైతు నుంచి నేల తీసుకొని దున్నే కౌలుదారుకు ఆ రక్షణ విస్తరించలేదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం కూడా రైతుకు రైత్వారీ పట్టా ఇచ్చింది. అతని కింది సాగుదారు ఉన్నచోటనే ఉండిపోయాడు. జమీందారు తొలగిన తరువాత పట్టాదారు, కౌలుదారు ఎదురెదురుగా నిలిచారు.

పుల్లరి: గడ్డికి వెల

పుల్లరిలో ‘పులు’ అంటే గడ్డి, ‘అరి’ అంటే పన్ను. ఇంటి పన్నుకు ఇల్లరి అన్నట్టే మేతపన్నుకు పుల్లరి. మధ్యయుగ శాసనాలకు పరిచితమైన ఈ మాట 1921–22లో పల్నాటి ఉద్యమంతో రాజకీయ పదమయింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద అడవులు రిజర్వులుగా మారడంతో, తరతరాలుగా పశువులు తిరిగిన చోట్ల మేతకు అనుమతిపత్రం, రుసుము తప్పనిసరి అయ్యాయి. పల్నాడు వంటి మెట్టసీమలో అడవి మేత లేకపోతే పశువు లేదు. పశువు లేకపోతే దుక్కి లేదు, ఎరువు లేదు. కనుక పుల్లరి పెరిగితే సాగు ఖర్చు పెరిగినట్టే. పుల్లరి చెల్లించబోమన్న పోరాటంలో మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యాడు. ఆ ఉద్యమంలో జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే ‘మాలపల్లి’ రచించాడు. నేల ప్రతిఫలం ప్రశ్న, ఆధునిక తెలుగు నవల ఒకే కాలంలో, ఒకే చెరసాల గోడల మధ్య కలుసుకున్నాయన్నది సాహిత్య చరిత్రకారులు మరికొంత ఆలోచించవలసిన విషయం.

మేత చరిత్రలో ప్రతిఫలం ఎదురుదిశలో నడిచిన ఏర్పాటు కూడా ఉంది. పంట కోసిన చేలలో గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపితే నేలకు పెంట, మూత్రం దక్కుతాయి. దీనిని మంద కట్టడం అంటారు. ఇందుకు రైతే కాపరికి ధాన్యమో రొక్కమో ఇచ్చేవాడు. ఒకే గొర్రె అడవిలో మేస్తే కాపరి చెల్లించాలి, చేలో పడుకుంటే కాపరికి చెల్లించాలి. రసాయనిక ఎరువులు వచ్చాక మందకున్న ఈ గిరాకీ చాలాచోట్ల తగ్గింది. మరోవైపు మేతపోరంబోకులు, తెలంగాణలో గైరాన్లు, కంచెలు సాగుకో కట్టడాలకో పోయి కుంచించుకుపోయాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్ల, కురుమ కుటుంబాలకు పంపిణీ మొదలుపెట్టినప్పుడు, వాటిని ఎక్కడ మేపాలన్న ప్రశ్న వెంటనే ఎదురయింది. జీవానికి రాయితీ దొరికింది కాని గడ్డికి చోటు దొరకలేదు.

చట్టం నుంచి నోటిమాటకు

తెలంగాణలో 1950 నాటి కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే వర్గాన్ని గుర్తించింది. అందులోని 38-ఇ సెక్షన్ అటువంటివారికి యాజమాన్యం బదిలీ చేసే మార్గం చూపింది. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి కౌలుదారీ చట్టం న్యాయమైన కౌలుకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 1974 సవరణ ఆ పరిమితిని సాగునీటి భూములకు స్థూల ఉత్పత్తిలో 30 శాతానికి, ఇతర భూములకు 25 శాతానికి తగ్గించింది.

ఈ చట్టాల ఉద్దేశం రక్షణే. వాటి ఫలితం మాత్రం రెండు విధాలుగా చీలింది. చట్టం గుర్తించిన కౌలుదారు కొన్నిచోట్ల భూస్వామి అయ్యాడు. ఆ భయంతో తక్కిన సొంతదారులు కాగితం రాయడం మానేశారు. ఒకే రైతును వరుసగా ఉంచక ఏటా మార్చడం, ఒప్పందాన్ని నోటిమాటకు పరిమితం చేయడం ఆనవాయితీ అయ్యాయి. కాగితం లేని ఒప్పందానికి 30 శాతం పరిమితిని ఎవరూ వర్తింపజేయలేరు. చట్టం పుస్తకంలో కౌలు తగ్గింది, పొలంలో పెరిగింది.

పెరగడానికి ఇతర కారణాలూ తోడయ్యాయి. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలాక కొత్త ఆయకట్టులో నేలకు పోటీ పెరిగింది. పత్తి, మిరప వంటి వాణిజ్య పంటలు రొక్కపు కౌలును విస్తరింపజేశాయి. పైరు పెట్టకముందే చెల్లించే ముందస్తు కౌలు అలవాటయింది. పశ్చిమ డెల్టాలో, కొల్లేటి పరిసరాలలో చేపల, రొయ్యల చెరువులు వరికి సాధ్యం కాని ధర ఇవ్వగలిగి చుట్టుపక్కల నేలల కౌలును కూడా పైకి లాగాయి. అన్నింటికంటే ముఖ్యంగా, వ్యవసాయం విడిచిన కుటుంబాలు నేలను విడవలేదు. అమ్మకానికి రాని నేల మీద, వేరే ఉపాధి లేని సన్నకారు రైతులు, కూలీలు కౌలుకోసం పోటీపడ్డారు. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ సాగు కమతాలలో 40 శాతానికి పైగా కౌలు కమతాలుగా తేలడం ఈ పరిణామానికి కొలమానం.

ఈ దశలో కౌలు అంటే ముందస్తు రొక్కం, మారని మొత్తం, రాయని ఒప్పందం. కౌలుదారు పంట వేయకముందే అప్పుచేస్తాడు. బ్యాంకు పట్టా అడుగుతుంది కనుక ఆ అప్పు ప్రైవేటు వడ్డీకే దొరుకుతుంది. వరద వస్తే పరిహారం పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాకు చేరుతుంది. సాగుదారును గుర్తించే ప్రయత్నాలు జరగకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం రుణ అర్హత కార్డులు ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం సొంతదారు సమ్మతితో 11 నెలల ఒప్పందానికి సాగుదారు హక్కు పత్రం ఇచ్చింది. సమ్మతి సొంతదారు చేతిలో ఉన్నంతకాలం కార్డు కూడా అతని దయమీదనే ఆధారపడుతుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది. 2020లో వచ్చిన ధరణి నమోదులో పాత పహాణీలోని అనుభవదారు గడి లేకుండా పోయింది. దశాబ్దాలుగా ఎవరు దున్నుతున్నారో చెప్పిన ఒక్క గడి అది. పట్టాతో ముడిపడిన ప్రతి సహాయమూ సొంతదారుకు నేల విలువను పెంచుతుంది. కౌలుదారుకు కౌలును తగ్గించదు.

ముగింపు

పాలు నుంచి గుత్తకు, ధాన్యం నుంచి రొక్కానికి, పంట తరువాతి చెల్లింపు నుంచి ముందస్తు చెల్లింపుకు నేల ప్రతిఫలం మారింది. ఈ మూడు మార్పులలోనూ నష్టభయం ఒకే దిశగా, సొంతదారు నుంచి సాగుదారుకు జరిగింది. పుల్లరి విషయంలో పన్ను రద్దుకోసం పోరాడిన సమాజం, క్రమంగా పన్ను వేయడానికి కూడా మేతబీడు మిగలని స్థితికి చేరింది. కాబట్టి కౌలు ధరల చరిత్రను ఎన్ని బస్తాలు, ఎన్ని రూపాయలు అన్న లెక్కతో మాత్రమే కొలిస్తే చాలదు. ఎప్పుడు చెల్లించారు, ఏ రూపంలో చెల్లించారు, పంట పోతే ఏమైంది అన్నవి కూడా ఆ ధరలో భాగాలే.

సాహిత్య, భాషా పరిశోధకులకు ఇందులో నిర్దిష్టమైన పని ఉంది. రాయలసీమలో కోరు, గుత్త, కోస్తాలో మక్తా, తెలంగాణలో పాలు, బటాయి వంటి మాటలు నేటికీ వాడుకలో ఉన్నాయి. వాటి ప్రాంతీయార్థాలను, షరతులను వయసు మీరిన సాగుదారుల నుంచి నమోదుచేయాలి. ఇళ్లలో మిగిలిన పాత కౌలు కాగితాలను తెలుగు వచన చరిత్రకు ఆధారాలుగా చదవాలి. రాసిచ్చిన మాటకు పేరుగా మొదలైన కౌలు ఈనాడు రాయని ఒప్పందానికి పేరయింది. కాగితం లేనిచోట సాగుదారు పలుకుబడే ఆ ఒప్పందానికి మిగిలిన దస్త్రం. దానిని సేకరించడం పదకోశ నిర్మాణానికి ఎంత అవసరమో, ఎవరు దున్నారన్న సాక్ష్యం నిలపడానికి అంతే అవసరం.