ఎయిట్ మైల్ రోడ్డుకు ఇవతలి బడి, అవతలి బడి

“డెట్రాయిట్‌లో ఉంటున్నాం” అని చెప్పుకునే తెలుగువాళ్ళలో నిజంగా డెట్రాయిట్ నగరంలో ఇల్లున్నవాళ్ళు బహు తక్కువ. కార్ల కంపెనీల్లోనూ, వాటికి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే కంపెనీల్లోనూ పనిచేసే మనవాళ్ళు నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ లాంటి శివారు ఊళ్ళలో కాపురాలుంటారు. మేమూ అంతే. ఇల్లు కొనేటప్పుడు తూర్పు గుమ్మం దొరక్కపోతే ఎలాగో సర్దుకుంటాం గానీ, స్కూల్ డిస్ట్రిక్ట్ దగ్గర మాత్రం పట్టు విడవం. అదే కొలతల ఇల్లు ఆ డిస్ట్రిక్ట్ గీతకు ఇటుంటే ఒక ధర, అటుంటే ఇంకో ధర. ఆ గీత ఎలా వచ్చింది, దాని చుట్టూ ఎన్ని తగాదాలు నడిచాయి అన్నది మాలో చాలామందికి పట్టదు. ఈ దేశాన్ని అర్థం చేసుకోవాలంటే వైట్‌హౌస్ కన్నా ముందు స్కూల్ బోర్డును చూడాలని నేనంటాను.

మన దగ్గర సర్కారు బడి అంటే టీచర్ల నియామకం, జీతం, బదిలీ అన్నీ రాష్ట్ర ప్రభుత్వం చూసుకునేవే. గేటు మీద జిల్లా పరిషత్ హైస్కూలు అని రాసి ఉన్నా, జడ్పీటీసీకి ఓటేసేటప్పుడు బడి సంగతి తలచుకునేవాళ్ళు అరుదు. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది ఒక చిన్న ప్రభుత్వం. దానికి సొంత సరిహద్దు ఉంటుంది, అది ఊరి సరిహద్దుతో కలవాలన్న నియమం లేదు. ఓటర్లు ఒప్పుకుంటే పన్ను వేస్తుంది, బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. జనం ఎన్నుకున్న బోర్డు సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది, నచ్చకపోతే సాగనంపుతుంది. బోర్డు సభ్యులు చాలామంది పగలు తమ ఉద్యోగం చేసుకుని సాయంత్రం మీటింగుకు వచ్చేవాళ్ళే.

మిషిగన్‌లో 1976 నాటి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం ఆ మీటింగుకు ఎవరైనా వెళ్ళవచ్చు, మాట్లాడవచ్చు. మా శివారులో నేను చూసిన మీటింగులన్నీ ఒకే తీరు. పొడవాటి బల్ల వెనక బోర్డు, ఎదురుగా వరస కుర్చీలు, ఓ పక్కన పేరు రాసి ఇచ్చే చీటీలు. పేరు పిలవగానే మైకు దగ్గరికి వెళ్ళాలి. ఇచ్చిన రెండు మూడు నిమిషాలు అయిపోతే మాట ఎక్కడున్నా ఆపాల్సిందే. బస్సు వేళ మార్చడం దగ్గర్నుంచి లైబ్రరీలో ఏ పుస్తకం ఉండాలన్నదాకా జనం గొంతు చించుకుంటారు. మొదటిసారి చూసిన మనవాళ్ళకు ఇదేం పంచాయితీరా బాబూ అనిపిస్తుంది. అమెరికన్లకు మాత్రం ప్రజాస్వామ్యం ఇంటికి అతి దగ్గరగా కనిపించే చోటు ఇదే.

ఎయిట్ మైల్ రోడ్డు డెట్రాయిట్‌కు ఉత్తరపు హద్దు. దానికి కాస్త దక్షిణంగా, నగరం లోపలే, ఆరడుగుల ఎత్తున అర మైలు పొడవున ఒక కాంక్రీటు గోడ ఉంది. 1941లో ఒక బిల్డర్ కట్టించాడు. నల్లవాళ్ళ పేట పక్కన తెల్లవాళ్ళకు ఇళ్ళు కడితే ఆ రుణాలకు కేంద్ర గృహరుణ సంస్థ హామీ ఇవ్వదు కాబట్టి, మధ్యన గోడ లేపి హామీ తెచ్చుకున్నాడు. గోడ ఇప్పటికీ నిలిచి ఉంది. కొంత భాగం మీద పేటవాళ్ళు బొమ్మలు వేసుకున్నారు. బడి గీతలూ ఇలాంటి పనే చేశాయి. వాటికి సిమెంటు అక్కర్లేకపోయింది, అంతే తేడా.

1966లో డెట్రాయిట్ బడుల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలుండేవారు. అప్పటికే తెల్ల కుటుంబాలు శివార్లకు తరలిపోతున్నాయి. 1967 జులైలో జరిగిన అల్లర్లలో 43 మంది చనిపోయాక ఆ వలస ఇంకా జోరందుకుంది. బోర్డు అధ్యక్షుడు ఏబ్రహాం జ్వెర్డ్‌లింగ్, ఆయనతోటి సభ్యులు 1970 ఏప్రిల్ 7న ఒక తీర్మానం చేశారు. తెల్ల, నల్ల పిల్లలు కలిసి చదివేలా హైస్కూళ్ళ హద్దులు మార్చాలన్నది దాని సారాంశం. 4–2 ఓట్లతో నెగ్గింది. ఊరు భగ్గుమంది. శాసనసభ హడావిడిగా చట్టం చేసి ఆ తీర్మానాన్ని చెల్లకుండా చేసింది. ఇక్కడ ఎన్నికైనవాళ్ళను గడువు తీరకముందే ఓటుతో దించేసే హక్కు జనానికి ఉంది. ఆ ఆగస్టులోనే నగరంలోని ఓటర్లు తీర్మానానికి ఓటేసిన నలుగురినీ దించేశారు.

నల్లవారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కోర్టుకెళ్ళింది. తెల్ల, నల్ల పిల్లలు వేరుపడటం దానంతటది జరిగింది కాదు, ప్రభుత్వాల చేతల వల్లనే జరిగిందని 1971లో జడ్జి స్టీఫెన్ రాత్ తేల్చారు. నగరంలోని పిల్లల్ని నగరంలోనే అటూ ఇటూ మారిస్తే లాభం లేదని, చుట్టుపక్కల 53 శివారు డిస్ట్రిక్టులను కూడా కలపాలని 1972లో ఆదేశించారు. 1974 జులైలో సుప్రీంకోర్టు 5–4తో ఆ ఆదేశం కొట్టేసింది. శివార్లు తప్పు చేసినట్టు రుజువు కాలేదు కాబట్టి వాళ్ళను ఇందులోకి లాగకూడదన్నది మెజారిటీ మాట. ఇలాగైతే మహానగరాలు తెల్ల ఊరు, నల్ల ఊరు అని రెండుగా చీలిపోతాయని జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ అసమ్మతి తీర్పులో హెచ్చరించారు. మిలికెన్ వర్సెస్ బ్రాడ్లీ అనే ఈ తీర్పు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. ఈనాడు మనవాళ్ళు ఇల్లు కొనడానికి ముందు చూసుకునే గీతకు రాజముద్ర వేసింది ఇదే.

గీత నిలబడింది, నగరం చిక్కిపోయింది. 1950లో 18 లక్షల పైచిలుకు ఉన్న జనాభా 2010 నాటికి 7 లక్షల చిల్లరకు పడిపోయింది. 1994లో మిషిగన్ బడుల నిధుల పద్ధతి మారింది. డబ్బు పిల్లవాడి లెక్కన వస్తుంది, పిల్లవాడు వెళ్ళిపోతే డబ్బూ వాడి వెంటే పోతుంది. అదే రోజుల్లో ప్రభుత్వ డబ్బుతో వేరే యాజమాన్యం నడిపే చార్టర్ స్కూళ్ళు మొదలయ్యాయి. పిల్లలు తగ్గినంత వేగంగా భవనాల ఖర్చు, పింఛన్ల ఖర్చు తగ్గదు కదా. కుర్చీలో ఎవరు కూర్చున్నా ఈ లెక్క కుదరనిదే.

అయితే రాష్ట్ర ప్రభుత్వం తప్పంతా బోర్డుదే అంది. 1999లో గవర్నర్ జాన్ ఎంగ్లర్ కాలంలో చట్టం తెచ్చి ఎన్నికైన బోర్డును పక్కన పెట్టేశారు. కొత్త బోర్డులో ఆరుగురు మేయర్ నియమించినవారు, ఏడో కుర్చీ రాష్ట్రానిది. అప్పటికి డిస్ట్రిక్టు ఖాతాలో 9 కోట్ల డాలర్లకు పైగా మిగులు ఉంది. భవనాల కోసం 1994లో ఓటర్లు ఒప్పుకున్న 150 కోట్ల డాలర్ల బాండ్ల సొమ్మూ ఉంది. 2004 నవంబరులో జనం మా ఓటు మాకు కావాలని తీర్పిచ్చి, 2006 జనవరిలో ఎన్నికైన బోర్డు తిరిగి కూర్చునేసరికి మిగులు పోయి పెద్ద లోటు వచ్చి కూర్చుంది.

కొత్త బోర్డు ఏమీ ఒరగబెట్టలేదన్నదీ నిజమే. సభ్యుల మధ్య కుమ్ములాటలు, మీటింగుల్లో కేకలు, 2008 డిసెంబరులో సూపరింటెండెంట్‌ ఉద్వాసన. పత్రికలకు కావలసినంత మేత. డెట్రాయిట్‌కు రెండు పెద్ద పత్రికలు: 1831లో పుట్టిన ఫ్రీ ప్రెస్, 1873లో పుట్టిన న్యూస్. ఒకప్పుడు నువ్వా నేనా అని పోటీపడ్డ ఈ రెండూ 1989లో ప్రకటనలు, అచ్చు, పంపిణీ ఉమ్మడి చేసుకున్నాయి. 1995లో మొదలైన సిబ్బంది సమ్మె ఏడాదిన్నర పైగా సాగి రెండింటినీ నీరసపరిచింది. 2009 మార్చిలో గవర్నర్ జెనిఫర్ గ్రాన్‌హోమ్ నియమించిన అత్యవసర ఆర్థిక మేనేజర్ రాబర్ట్ బాబ్ బోర్డు చేతిలోని డబ్బు పెత్తనం తీసుకుని పనిలో దిగారు. సరిగ్గా ఆ నెలాఖరు నుంచే రెండు పత్రికలూ ఇంటికి పేపరు వేయడం వారానికి రెండు మూడు రోజులకు కుదించేశాయి. తాళంచెవులు ఒక్కరి చేతికి పోయిన నెలలోనే ఊరి గడపలో పేపరు పడటం తగ్గింది.

ఈ పత్రికలకు సత్తా లేదని కాదు. అప్పటి నగర మేయర్ కిల్‌పాట్రిక్ ఫోను సందేశాలు బయటపెట్టి ఆయన్ను గద్దె దించిన ఫ్రీ ప్రెస్‌కు 2009లోనే పులిట్జర్ వచ్చింది. బడుల విషయంలో వచ్చిన చిక్కు వేరే. బోర్డు తగువు మైకు ముందు జరుగుతుంది, విలేకరి వెళ్ళి కూర్చుంటే వార్త దొరుకుతుంది. ఒక్క మనిషే నిర్ణయం తీసుకునేచోట సమావేశమే ఉండదు. కాగితాల కోసం దరఖాస్తు పెట్టుకుని, నెలల తరబడి తవ్వి, లెక్క తెలిసినవాళ్ళతో చదివించుకోవాలి. సిబ్బంది తగ్గిపోతున్న పత్రికకు అది తలకు మించిన పని. 2010లో బోర్డు అధ్యక్షుడి ఈమెయిళ్ళలోని స్పెల్లింగు తప్పులు ఒక కాలమ్‌లో వచ్చాయి, దేశమంతా నవ్వుకుంది. అప్పటికి డబ్బు మీద ఆ బోర్డుకు ఏ పెత్తనమూ లేదు.

డబ్బు మీది, చదువు మాది అంటూ బోర్డు ఆ మేనేజర్ మీద కోర్టుకెక్కి 2010 చివర్లో గెలిచింది. వెంటనే 2011లో రాష్ట్రం ఇంకో చట్టం తెచ్చి, అత్యవసర మేనేజర్‌కు చదువుతో సహా అన్నీ అప్పగించింది. 2012 నవంబరులో రాష్ట్రవ్యాప్త ఓటులో జనం ఆ చట్టాన్ని కొట్టేశారు. శాసనసభ డిసెంబరులోనే దాదాపు అలాంటిదే మరొకటి చేసింది. ఈసారి అందులో నిధుల కేటాయింపు ఒకటి జోడించింది. అలాంటి చట్టం మీద రెఫరెండం పెట్టడానికి మిషిగన్‌లో వీల్లేదు. ఇంత తెలివి బడులు బాగుచేయడంలో చూపించి ఉంటే ఎంత బాగుండేది! మేనేజర్లు వరసగా మారారు. పిల్లలు ఇంకా తగ్గారు. అప్పు ఇంకా పెరిగింది. 2015లో వచ్చిన డార్నెల్ ఎర్లీ అంతకుముందు ఫ్లింట్ నగరానికి అత్యవసర మేనేజర్. ఫ్లింట్ తాగునీళ్ళను నదికి మార్చి సీసం పాలు చేసింది ఆయన హయాంలోనే.

లోపలి సంగతి చివరికి బయటపెట్టింది టీచర్లు. 2016 జనవరిలో మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టారు. ఒకే రోజు 80కి పైగా స్కూళ్ళు మూతపడ్డాయి. వాళ్ళు ఫోన్లలో తీసిన ఫొటోలు ఊరంతా తిరిగాయి. బూజు పట్టిన గోడలు, ఊడిన సీలింగు, నీళ్ళు కారి చెక్కలు పైకి లేచిన జిమ్ నేల. అప్పుడు విలేకరులు బళ్ళ బాట పట్టారు. మార్చిలో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు డజను మంది ప్రిన్సిపాళ్ళ మీద కేసులు పెట్టారు. సామాన్లు ఇవ్వకుండానే ఇచ్చినట్టు బిల్లులు పెట్టిన ఒక సరఫరాదారు నుంచి లంచాలు తిన్నారన్నది అభియోగం. ఆ బిల్లుల మొత్తం 27 లక్షల డాలర్లు. జవాబుదారీతనం తెస్తామని రాష్ట్రం తాళాలు తీసుకున్న కాలంలోనే ఎక్కువ భాగం సాగిన భాగోతమిది.

2016 జూన్‌లో శాసనసభ 61.7 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఆమోదించింది. అందులో 46.7 కోట్లు పాత అప్పుకే. పాత డిస్ట్రిక్టును అప్పు తీర్చే పేరుగా మిగిల్చి, పిల్లల కోసం కొత్త డిస్ట్రిక్టు పెట్టారు. అప్పటికి పిల్లలు 50 వేల లోపే. నవంబరులో ఏడు బోర్డు సీట్లకు 63 మంది నిలబడ్డారు. ఈ ఊరికి బడి మీద ఆశ చచ్చిపోయిందనేవాళ్ళకు ఆ సంఖ్యే జవాబు. 1999 నుంచి 2016 దాకా లెక్కేస్తే, ఎన్నికైన బోర్డు చేతిలో పూర్తి అధికారం ఉన్నది మధ్యలో మూడేళ్ళ చిల్లర మాత్రమే. అయినా డెట్రాయిట్ బడులు ఎందుకు మునిగాయని మా శివారు విందుల్లో ఎవరినడిగినా, “వాళ్ళ బోర్డు తగువులాటలండీ” అంటారు. పేపర్లో పడింది అదే మరి.

కొత్త బోర్డు 2017లో నికొలాయ్ విట్టీని సూపరింటెండెంట్‌గా తెచ్చుకుంది. మరుసటేడు బడుల నీళ్ళు పరీక్షిస్తే కొన్నింటిలో సీసం, రాగి ఎక్కువగా తేలాయి. ఆయన మిగతా ఫలితాల కోసం ఆగకుండా అన్ని బడుల్లోనూ తాగునీటి కుళాయిలు మూయించి బాటిల్ నీళ్ళు తెప్పించారు. ఆ కబురు ఎవరో తవ్వితీస్తే బయటపడలేదు, డిస్ట్రిక్టే చెప్పింది. బడుల వార్తలకే అంకితమైన చాక్‌బీట్ అనే లాభాపేక్ష లేని పత్రిక కూడా డెట్రాయిట్‌లో విలేకరులను పెట్టింది. అంతా బాగుపడిందని నేననను. భవనాలకు కోట్లు కావాలి, గీత గీసినచోటే ఉంది. కానీ ఇప్పుడు తప్పు జరిగితే నిలదీయడానికి ఓ గది ఉంది, మైకు ఉంది, వచ్చే ఎన్నిక ఉంది.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, స్థానిక సంస్థల్లో తగువులు ఎక్కువయ్యాయి, ఓ గట్టి అధికారిని వేస్తే అన్నీ చక్కబడతాయి అన్న మాట మన దగ్గరా తరచూ వినబడుతుంది. డెట్రాయిట్ ఆ మందు పద్నాలుగేళ్ళకు పైగా తాగి చూసింది. తగువు ఆగిపోయింది, అప్పు ఆగలేదు. మనకు ఎన్నికైన స్కూల్ బోర్డులు లేవు. అయినా 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళే. మండలానికో విలేకరి ఉన్న పత్రికలు మనవి, అమెరికా పోగొట్టుకున్న సంపద అది. మీ ఊరి బడి కమిటీ సమావేశం ఎప్పుడో కనుక్కోండి. వెళ్ళి మధ్యాహ్న భోజనం లెక్క, మరుగుదొడ్ల మరమ్మతు లెక్క అడగండి. విలేకరిని కూడా వెంట రమ్మనండి. అక్కడ గొడవ జరిగితే జరగనివ్వండి.